తుపాకులు దాచారు, పింఛను దగ్గర ఆగిపోయారు

నమస్కారమండీ. మన బరంపురంలో గిరి రోడ్డు మీద తిరిగే ప్రతివాళ్ళకీ వి.వి. గిరి గారు ఈ ఊళ్ళోనే పుట్టారని తెలుసు. లా చదవడానికి ఆయన 1913లో వెళ్ళింది లండన్ కాదు, ఐర్లాండ్‌లోని డబ్లిన్. 1916లో, అక్కడ బ్రిటిష్ వాళ్ళ మీద తిరుగుబాటు జరిగిన ఏడాదే, వెనక్కి వచ్చేయాల్సొచ్చింది. ఆ తిరుగుబాటులో, దాని తర్వాత 1919 నుంచి 1921 దాకా నడిచిన స్వాతంత్ర్య యుద్ధంలో ఆడవాళ్ళేం చేశారో ఇవాళ మాట్లాడుకుందాం.

1914లోనే వాళ్ళు కుమన్ నా మాన్ అని సొంత దళం పెట్టుకున్నారు. 1916 ఏప్రిల్లో డబ్లిన్ పోస్టాఫీసు పట్టుకున్న రోజు విన్నీ కార్నీ టైప్‌రైటరూ రివాల్వరూ తీసుకుని లోపలికి నడిచింది. వారం తిరక్కుండా ఓటమి. తెల్లజెండా పట్టుకుని వీధిలోకొచ్చి లొంగుబాటు కబురు మోసింది ఎలిజబెత్ ఓఫారెల్ అనే నర్సు. తిరుగుబాటు నాయకుడు పియర్స్ లొంగిపోతున్న ఫోటోలో ఆయన పక్కన ఆమె పాదాలే కనిపిస్తాయి. తర్వాత కొన్ని చోట్ల అచ్చేసినప్పుడు అవి కూడా చెరిపేశారు!

1919 తర్వాతిది గెరిల్లా యుద్ధం. మామూలు ఇళ్ళే స్థావరాలు. రాత్రి పోరాడేవాళ్ళొచ్చి తలుపు కొడితే తిండి పెట్టాలి, గాయానికి కట్టు కట్టాలి, తెల్లారేలోపు పంపేయాలి. తెలిసిందా, బ్రిటిష్ సైన్యం ఇల్లు తగలబెట్టేది. ఆడవాళ్ళని సోదా చేయడానికి సైనికులు జంకేవాళ్ళు కాబట్టి ఉత్తరాలూ, తుపాకులూ కోట్ల లోపలే ప్రయాణం చేశాయి.

లిల్లీ మెర్నిన్ సంగతి వినండి. బ్రిటిష్ పాలనకి కేంద్రమైన డబ్లిన్ కాజిల్లో వాళ్ళ దగ్గరే టైపిస్టు. అక్కడి రహస్యాలు తిరుగుబాటుదారుల గూఢచారి విభాగం నడిపిన మైకేల్ కాలిన్స్‌కి చేరవేసేది. తుపాకీ పేల్చినవాడు పారిపోవచ్చు. ఈవిడ మర్నాడు పొద్దున్నే వెళ్ళి అదే కుర్చీలో కూర్చోవాలి. నన్నడిగితే ఆ ధైర్యమే పెద్దది.

మరి గెలిచాక? 1916లో తుపాకీ పట్టి, మూడు తూటాలు తిన్న మార్గరెట్ స్కినిడర్ 1925లో గాయాల పింఛను అడిగింది. చట్టం మగ సైనికులకే అన్నారు. ఇచ్చింది 1938లో! మిగతా ఆడవాళ్ళకి 1934 చట్టంతో దారి తెరిచారు, అదీ పింఛను కింది గ్రేడుల్లోనే. ఇల్లు పణంగా పెట్టినావిడది "సాయం", ఆ ఇంట్లో పడుకున్నవాడిది "యుద్ధం"! ఈ లెక్క నాకు మింగుడుపడదు.

మన దగ్గర పోరాటం తీరు వేరు, తుపాకులు లేవు. కానీ శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధం కోసం సమ్మె నడిపి అరెస్టయిన సుభద్రమ్మ గారు ఎవరో తెలుసా? గిరి గారి అమ్మే.

ఐర్లాండ్ వాళ్ళు ఆ పింఛను దస్త్రాలు ఆన్‌లైన్‌లో పెట్టారు. గంజాం, పర్లాకిమిడి, రాయగడ వైపు మీ ఇంట్లో మామ్మలవి జైలు కాగితాలు గానీ, ఉత్తరాలు గానీ ఉంటే ఫోటో తీసి పంపండి. పేరు చెప్పొద్దంటే చెప్పం.