సకినాల డబ్బా

(జగిత్యాల జిల్లాలోని ఒక పల్లెలో, దుబాయికి బయలుదేరుతున్న యువకుల కోసం పెట్టిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సర్పంచ్ గారికి, యువజన సంఘం తమ్ముళ్లకు, ముందు కూర్చున్న అవ్వలకు, అక్కలకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని నాకో చీటీ ఇచ్చారు. చదివితే పావుగంట పోతుంది, ఒక్క పేరు మర్చిపోతే ఆర్నెల్లు మాట్లాడరు. అందుకే చీటీ జేబులోనే ఉంచుకున్నాను.

వచ్చే వారం పోతున్న ఏడుగురినీ సూట్‌కేసులతో రమ్మన్నాను, తెచ్చారు. అట్లనే పక్కన పెట్టండి. చివర్లో వాటితో పనుంది.

నాకిచ్చిన అంశం ప్రయాణం జాగ్రత్తలు. ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలైనా గడువుండాలి. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, అంటే బయటి దేశానికి పనికి పోయే ముందు మన ప్రభుత్వం అనుమతి కావాలన్నమాట. దాంతో దుబాయి, సౌదీ, ఖతార్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ క్లియరెన్స్ తీసుకోవాలి. "విజిట్ వీసా మీద పో తమ్మీ, అక్కడ మార్పిస్తా" అనే ఏజెంటు మాట వినకండి. అట్ల పోయి ఖల్లివెల్లి అయి, అంటే దొంగచాటుగా బతికేవాళ్లయి, కాగితాల్లేక, ఇంట్లో చావు జరిగినా రాలేకపోయినవాళ్లు మనకు తెలియనివాళ్లా? ప్రవాసీ భారతీయ బీమా అని ఒకటుంది. రెండేళ్లకు పన్ను కాక 275 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు 10 లక్షలు. ఏజెంటుకు లక్ష ఇచ్చేటప్పుడు మాట్లాడని మనం ఈ 275 దగ్గర బేరమాడతాం!

పవర్ బ్యాంకు చేతి సంచీలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో పెడితే తీయిస్తారు. మామిడి తొక్కు మాత్రం పెద్ద పెట్టెలో వేయండి. చేతి సంచీలో నూనె కారే సీసా కనబడితే చెత్తబుట్ట పాలే. అవ్వ నెలంతా కష్టపడి పెట్టిన తొక్కు అట్ల పోతుంటే చూడలేం. ఎండు కొబ్బరి కుడకలు వద్దు, నూనె సరుకు కదా, విమానంలో అంటుకుంటాయని ఒప్పుకోరు. గసగసాలు అసలే వద్దు. మనకవి కోడికూర మసాలా, దుబాయిలో మత్తుమందు లెక్కలోకి వస్తాయి. నవ్వకండి, నిజం.

ఇంకా రాసుకొచ్చాను గానీ, మందుల దగ్గరికి వచ్చేసరికి నాకు ఈ కాగితం అక్కర్లేదు.

2011 సంక్రాంతి. నేనప్పుడు దుబాయిలో, సోనాపూర్ కూలీల క్యాంపులో ఉన్నాను. షట్టరింగ్ పని. పొద్దంతా పలకలు మోసి మోసి నడుము పట్టేసింది. ఆస్పత్రికి పోతే ఒకరోజు జీతం పోతుంది. అంతకుముందు సెలవుకు వచ్చినప్పుడు మన దగ్గర ఒక మందుల షాపులో నొప్పి గోళీలు కొన్నాను. మంచిగా పనిచేశాయి. ట్రామడాల్ దాని పేరు. అప్పుడు ఇక్కడ చీటీ అడిగేవాడు లేడు. మా అమ్మకు ఫోన్ చేసి, "నాలుగు షీట్లు తీసుకో, పక్కింటి పిల్లగాడు వస్తున్నాడు కదా, వాడికియ్యి" అన్నాను.

అన్నది నేను. ఏజెంటూ కాదు, స్మగ్లరూ కాదు.

అమ్మ పండక్కి సకినాలు చేసింది. స్టీలు డబ్బాలో సగం దాకా సకినాలు పేర్చింది. గోళీలు నలిగిపోతాయని పేపర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, మధ్యలో పెట్టింది. మీద మళ్లీ సకినాలు. ఒక్కటీ విరగకుండా ఎంత జాగ్రత్తగా పేర్చి ఉంటుందో నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. కానీ ఎయిర్‌పోర్టులో డబ్బా తెరిచినవాడికి అది జాగ్రత్తలా కనబడలేదు, దాచిపెట్టినట్టు కనబడింది. ట్రామడాల్ కూడా అక్కడ మత్తుమందు లెక్కే.

నేను బయట నిలబడ్డాను. అందరూ వస్తున్నారు, పిల్లగాడు రాడు. మూడు గంటలు. ఫోన్ కలవదు. లోపల వాడిని అడుగుతున్నారట, "ఇవి ఎవరివి?" అని. వాడు, "సకినాలు సార్, సకినాలు" అంటున్నాడట. వాడికి నిజంగా తెలియదు! వాడా డబ్బా మూతే తీయలేదు. పక్కింటి అవ్వ ఇచ్చింది, తీసి చూస్తే ఏమనుకుంటుందో అని తీయలేదు.

41 రోజులు జైల్లో ఉండి వాపసు వచ్చాడు. ఆ దేశం మొహం మళ్లీ చూడలేదు. ఏజెంటుకు కట్టింది మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 90 వేలు. ఆ అప్పు నేను తీర్చాను. గొప్పకు చెప్పడం లేదు, అప్పు ఒక్కటే తీర్చగలిగాను కాబట్టి చెబుతున్నాను. ఆ పిల్లగాడు ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు. చెప్పు కాకా, పేరు మాత్రం తీయకు అన్నాడు. తీయను.

అవ్వా, మీతో మాట. పోయేటోడి దగ్గరికి పొట్లం పట్టుకుని వస్తాం కదా, "మావోడికి ఒక్కటే బిడ్డా, అరకిలో కూడా ఉండదు" అని. వాడు కాదనలేడు. కాదంటే ఊళ్లో మాట పడాలి. నాకు తెలుసు, కాదనమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. విప్పి ఇవ్వండి. వాడి ముందర మూత తీసి, అడుగు దాకా చూపించి ఇవ్వండి. కుట్టిన సంచీ, టేపు చుట్టిన డబ్బా ఇవ్వకండి.

తమ్ముళ్లూ, మీరు విప్పి చూడటానికి మొహమాట పడకండి. "అవ్వా, కాకా చెప్పిండు, తప్పదట" అని నా మీదికి తోసేయండి. నన్ను తిట్టుకోనీ. బీపీ, షుగర్ గోళీలు మీ సొంతానివైనా సరే షీటుతోనే పెట్టుకోండి, విడిగా డబ్బాల్లో పోసుకోకండి. డాక్టర్ చీటీ వెంట ఉండాలి. దగ్గు మందులో కొడీన్ అనే మత్తు పదార్థం ఉందేమో చదివించుకోండి. నొప్పి గోళీలు, నిద్ర గోళీలు, నరాల మందులు వాడేవాళ్లు ముందుగానే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లో అనుమతి తీసుకోవాలి. అప్లికేషన్ పెట్టడం రాకపోతే నా దగ్గరికి రండి, రాత్రి పదింటికైనా సరే.

పాస్‌పోర్టు ఫొటో ఇంట్లోవాళ్ల ఫోన్లో పెట్టండి, అదొకటి మర్చిపోయాను.

ఇక చాలు. మైకు పక్కన పెట్టి ఆ బల్ల ఇటు జరపండి. ఒక్కొక్కరు పెట్టె తెచ్చి విప్పండి, సిగ్గేం లేదు, బనీన్లు అందరికీ ఉంటాయి. ముందు నువ్వు రా తమ్మీ, ఎర్ర సూట్‌కేసు. ఆ, తాళం తీయి. ఈ తెల్ల సంచీ ఎవరిచ్చారు? కుట్టేసి ఉందే. కత్తెర ఎవరి దగ్గరుంది?