ధ్రువం కదిలితే బోరు ఉప్పబడుతుందా?

శ్రోతలకు నమస్కారం.

మాది కోనసీమలో సముద్రానికి దగ్గరి ఊరు. మా చేను పక్కన రొయ్యల చెరువు చేస్తున్న కుర్రాడు మొన్నొక సాయంత్రం గట్టు మీద నన్ను ఆపాడు. "మేష్టారండీ, భూమి ధ్రువాలు జరిగిపోతున్నాయంట కదండీ. అందుకేనా ఈ ఎండలు? మా బోరు నీళ్ళు కూడా ఉప్పగా అయిపోయాయండి" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. అప్పు తెచ్చి చెరువు వేసినవాడు మరి. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసిపారెయ్యలేకపోయాను. ధ్రువాలు కదలడం నిజమే. ఏ ధ్రువం, ఎంత, దేనివల్ల అన్నదగ్గరే చిక్కంతా ఉంది.

ఈ మాట ఎక్కువగా చార్లెస్ హాప్‌గుడ్ దగ్గర్నించి వ్యాపించింది. ఆయన అమెరికాలో చరిత్ర పాఠాలు చెప్పిన అధ్యాపకుడు. 1958లో దీనిమీద పుస్తకం వేశాడు. అంబాజీపేటలో కురిడీ కాయ కొనేవాళ్ళు చెవి దగ్గర పెట్టి ఊపుతారు చూడండి. లోపల నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, గుండులా లొటలొటలాడుతుంది. హాప్‌గుడ్ ఊహించిన భూమి అలాంటిదే. పై పెంకు మొత్తం ఒక్కసారిగా లోపలి గుండు మీద జారుతుందనీ, ధ్రువాల దగ్గర పేరుకున్న మంచు బరువే దాన్ని జారుస్తుందనీ ఆయన వాదన. ఇంచుమించు పన్నెండు వేల ఏళ్ళ క్రితం దాకా ఉత్తర ధ్రువం కెనడాలో హడ్సన్ బే దగ్గర ఉండేదన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. అదే నిజమైతే మన డెల్టా అప్పట్లో భూమధ్యరేఖకి దక్షిణాన, 12 డిగ్రీల దగ్గర ఉండాలి. జనవరి నెలలో మనకి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి రావాలి.

ఆ పుస్తకానికి ముందుమాట రాసింది ఐన్‌స్టీన్. అది చూసే చాలామంది నమ్మారు. కాని పెంకు జారడానికి మంచు బరువు చాలదని హాప్‌గుడ్ తర్వాత తనే ఒప్పుకున్నాడు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అంటార్కిటికా మంచులో ఉంది. అక్కడ లోతుగా తవ్వి తీసిన మంచు పొరలు 8 లక్షల ఏళ్ళ వెనక్కి వరసగా అందాయి. హాప్‌గుడ్ అన్నట్టు ఆ ఖండం మొన్నమొన్నటి దాకా వెచ్చటి చోట ఉండి ఉంటే అంత మంచు నిలిచేదా?

ఇంకొక ధ్రువం ఉంది, దిక్సూచి ముల్లు చూపించేది. ఇది నిజంగానే పరుగు పెడుతోంది. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ దాన్ని కెనడా ఉత్తరాన కనిపెట్టాడు. అప్పట్నించి రెండు వేల కిలోమీటర్లకు పైగా సైబీరియా వైపు నడిచింది. అసలు ఉత్తరం దక్షిణం తారుమారైన సందర్భాలూ చాలా ఉన్నాయి. ఆఖరిసారి 7 లక్షల 80 వేల ఏళ్ళ క్రితం.

దీనికి సాక్ష్యం మన రాజమండ్రి ఊరి అంచునే ఉందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కాతేరు క్వారీల నల్లరాయి మీరు చూసే ఉంటారు. అది 6 కోట్ల 50 లక్షల ఏళ్ళకు పైబడిన లావా. కింద ఒక పొర, పైన ఒక పొర, మధ్యలో గవ్వల గుల్లలు దొరికే సున్నపురాయి. లావా చల్లబడేటప్పుడు అందులోని ఇనుప రజను అప్పటి ఉత్తరం ఎటుంటే అటు తిరిగి గట్టిపడిపోతుంది. కాతేరులో కింది పొరలోని అయస్కాంతం తిరగబడి ఉంది, పై పొరది ఇప్పటిలాగే ఉంది. ఆ రెండు పొరల నడుమ భూమి అయస్కాంతం తారుమారయిందన్నమాట. గోదావరికి అవతల, పంగిడి వైపు కూడా ఇదే రాయి. మనం రోడ్లకి కొట్టి పోస్తున్న కంకరలో ఇంత కథ ఉంది. క్వారీకి వెళ్ళినప్పుడు ఒక ముక్క జేబులో వేసుకొచ్చాను, ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

మరి అలా తారుమారైతే వాతావరణం పాడవదా? 41 వేల ఏళ్ళ క్రితం అయస్కాంత బలం కొన్ని వందల ఏళ్ళపాటు బాగా సన్నగిల్లింది. అప్పుడు వాతావరణమూ దెబ్బతిన్నదని 2021లో కొందరు శాస్త్రవేత్తలు, న్యూజిలాండ్‌లో మట్టిలో పూడుకుపోయిన కౌరి చెట్ల మానులు చూపించి వాదించారు. గ్రీన్‌లాండ్ మంచులో అంత మార్పు జాడ లేదని మరికొందరు అడ్డుచెప్పారు. నాకు రెండోవాళ్ళ మాటే బలంగా కనిపిస్తోంది. ఇవాళ్టి ఎండలకి మాత్రం ముల్లుతో పని లేదు. బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో పేరుకుని వేడిని పట్టి ఉంచుతోంది.

ఇక భూమి తిరిగే అసలు ఇరుసు. చీకటి పడ్డాక ఆ కుర్రాణ్ణి ఉత్తరం వైపు తిప్పి నిలబెట్టాను. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. అడుగున ఒక పిడికిలి, దానిమీద అర పిడికిలికి కాస్త ఎక్కువ పెడితే ధ్రువ నక్షత్రం తగులుతుంది. అంటే పదహారున్నర డిగ్రీలు, అదే మన ఊరి అక్షాంశం. పెంకు ఉత్తరానికో దక్షిణానికో నాలుగైదు డిగ్రీలు జారినా ఆ చుక్క ఎత్తు మారిపోతుంది, వేటకెళ్ళే ప్రతి మత్స్యకారుడికీ తెలిసిపోతుంది.

ఇరుసు బొంగరంలా 26 వేల ఏళ్ళకొక చుట్టు తిరుగుతుంది. పంచాంగంలో అయనాంశ అని వేసేది దీని లెక్కే. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. ఆ తేడా ఇందువల్ల వచ్చింది. ఈ తిరుగుడు వానల్ని మార్చింది కూడా. తొమ్మిది, పది వేల ఏళ్ళ కిందట మన నైరుతి రుతుపవనాలు ఇప్పటికన్నా బలంగా ఉండేవి. కాని అది తరాలకి తరాలు పట్టే పని.

ఆ ఇరుసు కొనలు భూమి మీద కాస్త అటూ ఇటూ జరుగుతాయి కూడా. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని ముంచిన సునామీ గుర్తుందిగా. దాన్ని పుట్టించిన భూకంపం, లెక్క ప్రకారం, ఇరుసును రెండున్నర సెంటీమీటర్లు జరిపింది. అంతే. దాన్ని మించింది ఇంకొకటి ఉంది. 1993 నుంచి 2010 దాకా ప్రపంచంలో మనుషులు నేలలోంచి తోడిన నీరు 2.15 లక్షల కోట్ల టన్నులనీ, ఆ బరువు నేలలోంచి సముద్రానికి చేరడంవల్ల ధ్రువం 80 సెంటీమీటర్ల దాకా జరిగిందనీ 2023లో లెక్క తేల్చారు. అందులో పెద్ద వాటా వాయవ్య భారతానిదీ, అమెరికా పశ్చిమానిదీ.

"అయితే ధ్రువం కదిలి నా బోరు పాడవలేదన్నమాట. బోర్లు తోడే ధ్రువాన్ని కదిపామాండీ?" అన్నాడు కుర్రాడు. అవునన్నాను. సముద్రం పక్కన నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే, కింద ఉప్పునీరు నలభై అడుగుల దాకా ఎగబాకుతుంది. "రాత్రంతా మోటారు వేసే ఉంచుతానండి" అన్నాడు. ఇద్దరం చెరువు గట్టు దిగి షెడ్డు దగ్గరికి నడిచాం. దోసిట్లో నీళ్ళు పట్టి నాలిక మీద వేసుకుంటే కన్నీళ్ళంత ఉప్పగా ఉన్నాయి. అతను స్విచ్చి కట్టేశాడు.