ఎమర్జెన్సీలో ఐదు గంటలు

హోస్ట్: డాక్టర్ గారూ, ముందు నా కడుపుమంట చెప్పేస్తాను, ఏమనుకోవద్దు. మా నాన్నకి కడుపునొప్పని ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఐదు గంటలు వీల్‌చైర్‌లోనే ఉంచారు. మా తర్వాత వచ్చినవాళ్లు ముందే లోపలికి వెళ్లిపోతున్నారు. ఏంటిది, సిఫార్సా?

డాక్టర్: (నవ్వు) సిఫార్సు కాకపోవచ్చండి, ట్రయాజ్ అయ్యుంటుంది. ఎవరు ముందొచ్చారని కాదు, ఎవరి ప్రాణం మీదికొచ్చిందని చూస్తాం. నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జన్ హోదా పట్టించుకోకుండా గాయాన్ని బట్టి వైద్యం చేసేవాడు, అప్పటి పద్ధతి ఇది. ట్రయాజ్‌లో మాంచెస్టర్ పద్ధతి అని ఒకటుంది, అందులో అయితే ఐదు రంగులుంటాయి, ఒక్కో రంగుకి డాక్టర్ ఎంతసేపట్లో చూడాలో గడువుంటుంది. ఎరుపుకి వెంటనే, నారింజకి 10 నిమిషాలు, పసుపుకి గంట, ఆకుపచ్చకి 2 గంటలు, నీలానికి 4.

హోస్ట్: మా నాన్నది ఏ రంగో ఎవరూ చెప్పలేదే!

డాక్టర్: అది తప్పే. పైగా రంగు ఒకసారి వేస్తే అయిపోదు. కూర్చున్న మనిషిని మళ్లీ మళ్లీ చూడాలి. పసుపు కాస్తా ఎరుపు కావచ్చు. రద్దీ పెరిగితే ముందు ఆగిపోయేది ఆ పనే.

హోస్ట్: రద్దీ అంతా జలుబుకీ దగ్గుకీ వచ్చేవాళ్ల వల్లేగా?

డాక్టర్: అందరూ అదే అంటారు. జలుబు మనిషికి మంచం అక్కర్లేదండీ, మందు రాసి పంపేస్తాం. అడ్మిషన్ అయి కూడా వార్డులో బెడ్ లేక మా దగ్గరే ఉండిపోయేవాళ్లున్నారే, మంచాలు నిండేది వాళ్లతో. బస్సులో దిగేవాళ్లు లేకపోతే ఎక్కేవాళ్లేం చేస్తారు? 2022లో ఇంగ్లండ్ లెక్కలతో ఒక అధ్యయనం వచ్చింది. వచ్చిన 6 నుంచి 8 గంటల్లోపు వార్డుకు చేరని ప్రతి 82 మందికీ ఒక మరణం అదనం అని తేల్చారు.

హోస్ట్: అమ్మో! మరి గది పెద్దది కడితే?

డాక్టర్: పైన వార్డులో డిశ్చార్జి కాగితం సాయంత్రం దాకా కదలకపోతే అదీ నిండిపోతుంది.

హోస్ట్: సరే, అక్కడ కూర్చున్నవాళ్లు ఏం చేయాలి?

డాక్టర్: "ఇంకెంతసేపు" అంటే మా దగ్గర జవాబుండదు. "ఇందాకటికన్నా నొప్పి పెరిగింది, చెమటలు పడుతున్నాయి, మళ్లీ చూడండి" అనండి. అప్పుడు నర్సు లేచి రావాల్సిందే. ఇంతకీ నాన్నగారికి ఏమని తేలింది?

హోస్ట్: అపెండిక్స్. ఆ రాత్రే ఆపరేషన్. ఇప్పుడు బాగున్నారు.

డాక్టర్: నొప్పికి మందు ఎప్పుడిచ్చారు?

హోస్ట్: నాలుగు గంటలయ్యాక. ముందే ఇస్తే జబ్బు తెలియకుండా పోతుందన్నారు.

డాక్టర్: అది పాతకాలం మాట. ఇస్తే ఏమీ తెలియకుండా పోదు. దీనికి మాత్రం రద్దీని సాకుగా చెబితే నేనొప్పుకోను.