ఉప్పు డబ్బా, ఎండ, ఐసు

మిత్రులారా, విశాఖలో ఏ వంటింట్లో ఉప్పు డబ్బా తెరిచినా ఉప్పు చెమ్మగిల్లి ముద్దగా ఉంటుంది. గాలిలోని తేమను అది లాగేసుకుంటుంది. నేను చెప్పబోయేది ఎండ వేడితో చల్లదనం పుట్టించే యంత్రం; దానికి ఆధారం ఈ గుణమే.

లిథియం బ్రోమైడ్ అనే ఉప్పుకు ఈ దాహం మరీ ఎక్కువ. గాలిని దాదాపు పూర్తిగా తీసేసిన పాత్రలో నీరు 5 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ఆవిరిని ఉప్పు ద్రావణం తాగేస్తుంటే మిగిలిన నీరు చల్లబడుతుంది. సూది వేసే ముందు స్పిరిట్ దూది రాస్తే చర్మం జిల్లుమనదూ, అలాగే. తాగి పలచబడిన ద్రావణాన్ని మళ్లీ చిక్కబరచడానికి 80, 90 డిగ్రీల వేడి చాలు. డాబా మీది గాజు గొట్టాల సోలార్ హీటరు ఆ వేడి ఇవ్వగలదు. కంప్రెసర్‌తో పని లేదు.

ఇది కొత్త ముచ్చటేమీ కాదు. 1878 పారిస్ ప్రదర్శనలోనే అగస్తిన్ మూషో అనే ఫ్రెంచాయన ఎండతో ఐసు చేసి చూపించాడు.

మన చిక్కు ఎండతో కాదు, గాలితో. గదిలోంచి లాగిన వేడి, ఎండ ఇచ్చిన వేడి, రెండూ బయటికి పోవాలి. 1 యూనిట్ చల్లదనానికి సుమారు 2.4 యూనిట్ల వేడి వదిలించుకోవాలి. కూలింగ్ టవర్ ఆ పనిని నీటిని ఆవిరి చేసి సాధిస్తుంది. ఉప్పును ముద్ద చేసే మన గాలి ఇంకెంత నీరు తాగుతుంది? అనంతపురం పొడిగాలిలో ఈ బాధ తక్కువ. అందుకే ఇక్కడ ఇళ్లకు దీన్ని ఏసీగా పెట్టమని నేను చెప్పను.

చేపల రేవుకైతే చెబుతాను. ఆ యంత్రంలో తాగేది ఉప్పు కాదు, నీరు; అది తాగేది అమ్మోనియా ఆవిరిని. పగలు ఎండ వేడికి నీటిలోని అమ్మోనియా ఆవిరై, పక్క పాత్రలో ద్రవంగా చేరుతుంది. రాత్రి అది మళ్లీ ఆవిరై నీటిలో కలిసిపోతూ ఐసు గడ్డ కట్టిస్తుంది. పంపు కూడా అక్కర్లేదు, వేడి వదిలే పనిలో చాలా భాగం రాత్రికి వాయిదా పడుతుంది. నా లెక్కన ఎండ పట్టే పలక చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు కిలోల ఐసు. నవ్వకండి. రేవులో గంప సర్దుకునే ఆమె చేపల మీద నాలుగు దోసిళ్ల ఐసు పోసి గోనెపట్టా కప్పుతుంది. పొద్దెక్కేసరికి గంప అడుగున నీళ్లు కారుతుంటాయి. మధ్యలో ఇంకో నాలుగు దోసిళ్లు దొరికితే ఆమె బేరం తొందరపడదు.

రాగిని అమ్మోనియా తినేస్తుంది కాబట్టి పాత్రలూ గొట్టాలూ ఉక్కువే కావాలి. లోపలి ఒత్తిడి బయటి గాలికి పన్నెండు రెట్లు దాటుతుంది. గ్యాస్ అనగానే ఈ ఊరు ఎందుకు ఉలిక్కిపడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. కనుక ఇది ఆరుబయటే ఉండాలి.

మా నమూనా కూడా బయటే ఉంది, రండి. ఉదయం నుంచి ఎండలో ఉంది, ముట్టుకోకండి. ఐసు మాత్రం రాత్రికి గానీ రాదు.