పేరు ముందు ఒక్క దిక్కు చేర్చడానికి 27 ఏళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

అలెగ్జాండర్ అనగానే మనకి జీలం నది, పురుషోత్తముడు గుర్తుకొస్తారు. మాసిడోనియా రాజు అని బళ్లో చదువుకున్నాం కదా, ఆ మాసిడోనియా అనే పేరు ఎవరిదన్న దాని మీద ఐరోపాలో ఇరుగుపొరుగు దేశాలు రెండు 27 ఏళ్లు తగువు పడ్డాయి. తుపాకీ పేలలేదు. కానీ సరిహద్దులు మూసుకున్నారు, అంతర్జాతీయ కోర్టుకెక్కారు, పదవులు పోగొట్టుకున్నారు. చివరికి కూర్చుని మాట్లాడుకునే తేల్చుకున్నారు. ఈ మధ్య కాలంలో జరిగిన గొప్ప రాజీల్లో ఇదొకటని నా గట్టి నమ్మకం.

1991లో యుగోస్లావియా ముక్కలవుతున్నప్పుడు దక్షిణం కొసన ఉన్న రిపబ్లిక్ ఆఫ్ మాసిడోనియా ప్రజాభిప్రాయం తీసుకుని స్వతంత్ర దేశమైంది. జనాభా 20 లక్షలు, సముద్రం లేదు, రాజధాని స్కోప్యే. మన మదర్ థెరిసా పుట్టిన ఊరు అదే. ఈ పేరు వినగానే దక్షిణాన ఉన్న గ్రీస్ భగ్గుమంది, ఎందుకంటే గ్రీస్ ఉత్తర భాగం పేరు కూడా మాసిడోనియానే, దాని పెద్ద పట్నం థెస్సలోనికి. 1992లో ఆ ఊరి వీధుల్లోకి లక్షలమంది వచ్చి మాసిడోనియా మాదేనని నినదించారు.

దూరం నుంచి చూస్తే, పేరు కోసం ఇంత గొడవెందుకు అనిపిస్తుంది. గ్రీకులకి మాత్రం అది పాత పుండు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక తమ ఉత్తర ప్రాంతం మీద యుగోస్లావియా కన్ను పడిందని వాళ్లకి గుర్తుంది, ఆ వెంటనే గ్రీస్‌లో వచ్చిన అంతర్యుద్ధంలో ఆ కొండల్లోనే రక్తం పారింది. అవతలివాళ్ల బాధా తక్కువది కాదు. ఆ అంతర్యుద్ధంలో స్లావిక్ భాష మాట్లాడే కుటుంబాలు వేలాదిగా పల్లెలు వదిలి పారిపోయాయి, పిల్లల్ని విడిగా సరిహద్దు దాటించారు, వాళ్లలో చాలామంది స్కోప్యేలో స్థిరపడ్డారు. అలాంటి మనుషుల దగ్గరికెళ్లి నువ్వు మాసిడోనియన్‌వి కాదంటే వాళ్లకెలా ఉంటుంది?

1993లో కొత్త దేశానికి ఐక్యరాజ్యసమితిలో చోటు ఇచ్చారు గానీ ఆ పేరుతో కాదు. తాత్కాలికంగా ‘మాజీ యుగోస్లావ్ రిపబ్లిక్ ఆఫ్ మాసిడోనియా’ అనమన్నారు. సభలో దేశాలు ఇంగ్లీషు అక్షరాల వరసలో కూర్చుంటాయి కదా, ఎం అక్షరం కింద కూర్చోబెడితే గ్రీస్ ఒప్పుకోదు, మాజీ అన్న మాటకి వచ్చే ఎఫ్ కింద కూర్చోవడం వీళ్లకి ఇష్టం లేదు, అందుకని ఆ పేరుకి ముందొచ్చే ‘ది’ అనే మాటలోని టి పట్టుకుని థాయిలాండ్ పక్కన కుర్చీ వేశారు. కుర్చీ దొరికింది గానీ జెండా ఎగరేయనివ్వలేదు. ఆ జెండా మీద ఉన్నది వెర్గినా సూర్యుడి గుర్తు, 1977లో గ్రీస్‌లోని వెర్గినాలో తవ్విన ప్రాచీన మాసిడోనియా రాజసమాధుల్లో బయటపడింది.

1994 ఫిబ్రవరిలో గ్రీస్ సరుకుల రాకపోకలు ఆపేసింది. థెస్సలోనికి రేవు మీదే బతికే దేశానికి అదెంత దెబ్బో చెప్పక్కర్లేదు. 1995 సెప్టెంబరులో న్యూయార్క్‌లో మధ్యంతర ఒప్పందం కుదిరాక స్కోప్యే జెండా మార్చుకుంది, దిగ్బంధం ఎత్తేశారు, పేరు సంగతి మాత్రం తర్వాత చూద్దామన్నారు.

ఆ ‘తర్వాత’ రావడానికి ఇంకో 23 ఏళ్లు పట్టింది. మధ్యవర్తిగా మాథ్యూ నిమెట్జ్ అనే అమెరికన్ న్యాయవాది 1994 నుంచీ దీని వెంటే ఉన్నారు, ఐక్యరాజ్యసమితి దూతగా ఆయన జీతం ఏడాదికి ఒక్క డాలరు. ఆయన ఓపికకి నేను చేతులెత్తి దండం పెడతాను. ఈలోగా 2008లో బుకారెస్ట్‌లో నాటో సమావేశం జరిగినప్పుడు గ్రీస్ అడ్డుపడి స్కోప్యేకి చేరమన్న పిలుపు రాకుండా చేసింది. వీళ్లు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లారు. 2011లో తీర్పు వీళ్లకే అనుకూలంగా వచ్చింది, 1995 ఒప్పందంలో ఇచ్చిన మాట గ్రీస్ తప్పిందని 15 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరే మరోవైపు. అయినా తలుపు తెరుచుకోలేదు. స్కోప్యేలో ప్రధాని గ్రుయెవ్‌స్కీ ప్రభుత్వం 2006లోనే విమానాశ్రయానికి అలెగ్జాండర్ పేరు పెట్టింది, 2011లో నగరం నడిబొడ్డున గుర్రం మీద యోధుడి భారీ విగ్రహం నిలబెట్టింది. అవి పెద్ద తప్పులని నేనంటాను. పక్కవాడి పుండు మీద కారం చల్లి, తర్వాత అతన్నే సంతకం పెట్టమంటే పెడతాడా?

2017లో స్కోప్యేలో జోరన్ జాయెవ్ ప్రధాని అయ్యాక గాలి మారింది. గ్రీస్ ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ కూడా తేల్చేద్దామనే మనిషి. 2018 జనవరిలో దావోస్‌లో కలుసుకున్నారు, జాయెవ్ విమానాశ్రయం పేరు తీసేస్తానన్నాడు, తీసేశాడు. ఇక విదేశాంగ మంత్రులు కోట్జియాస్, దిమిత్రోవ్ నెలల తరబడి కూర్చున్నారు. కొత్త మాసిడోనియా, ఎగువ మాసిడోనియా, వర్దార్ నది పేరుతో ఒకటి, ఇలా అన్నీ బల్ల మీదకి వచ్చాయి. చివరికి ఉత్తర మాసిడోనియా దగ్గర ఆగారు.

పేరు ఒక్కటే కాదు, అసలు పనితనం కింది వాక్యాల్లో ఉంది. దేశం పేరు లోపలా బయటా ఒకటే ఉండాలి, అది గ్రీస్ గెలుచుకున్నది. భాష పేరు మాసిడోనియన్‌గానే ఉంటుంది, అది స్కోప్యే గెలుచుకున్నది. ఆ భాష పేరు 1977లో ఏథెన్స్‌లోనే జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో నమోదై ఉందని ఒప్పందంలోనే రాసి పెట్టారు, గ్రీకులు కొత్తగా ఏదో వదులుకున్నట్టు లేకుండా. ఎం, కె అన్న దేశం కోడ్ మారదు, కార్ల నంబరు ప్లేట్ల మీద గుర్తు మాత్రం మారుతుంది. మాసిడోనియా అన్న మాటకి మీ అర్థం మీది, మా అర్థం మాది, పురాతన గ్రీకు చరిత్రతో మాకు సంబంధం లేదు అని ఒక క్లాజు. ఎవరి గౌరవం వాళ్లకి మిగిలేలా ఎంత జాగ్రత్తగా రాశారో చూడండి.

2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున, గ్రీస్ వైపు ఉన్న ప్సరాడెస్ అనే చిన్న పల్లెలో సంతకాలు జరిగాయి. ఆ రోజు నిమెట్జ్ 79వ పుట్టినరోజు కూడా. సంతకాలయ్యాక సరస్సు దాటి అవతలి ఒడ్డుకి భోజనానికి వెళ్లారు. ఎప్పుడూ టై కట్టని సిప్రాస్‌కి జాయెవ్ తన టై విప్పి ఇచ్చాడు.

జనం మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. స్కోప్యేలో ప్రజాభిప్రాయ సేకరణలో అవునన్నవాళ్లు 91 శాతం, కానీ ఓటు వేయడానికి వచ్చింది 37 శాతమే. అధ్యక్షుడు ఇవనోవ్ సంతకం పెట్టనన్నాడు. 2019 జనవరిలో 120 మంది ఉన్న అక్కడి పార్లమెంటులో 81 ఓట్లతో రాజ్యాంగ సవరణ గట్టెక్కింది, ఏథెన్స్‌లో 300కి 153తో ఒప్పందం నెగ్గింది. సిప్రాస్ కూటమి చీలిపోయింది, ఆ జులైలో ఎన్నికల్లో ఓడిపోయాడు.

2020 మార్చిలో ఉత్తర మాసిడోనియా నాటోలో 30వ సభ్యదేశమైంది, అది దక్కింది. ఐరోపా సమాఖ్య దగ్గరే నాకు కడుపు మండుతుంది. పేరు మార్చుకోండి, తలుపు తీస్తామన్నారు. మార్చుకున్నాక 2019లో ఫ్రాన్స్ ఆపింది, 2020లో చరిత్ర, భాష పేరుతో బల్గేరియా ఆపింది, ఇప్పుడు రాజ్యాంగంలో బల్గేరియన్ల ప్రస్తావన చేర్చితేనే అంటున్నారు. 2024లో అక్కడ ప్రభుత్వం మారింది, కొత్త అధ్యక్షురాలు ప్రమాణం చేస్తూ వట్టి మాసిడోనియా అనేసరికి గ్రీస్ రాయబారి సభ నుంచి లేచి వెళ్లిపోయారు. ఏథెన్స్‌లో ఒకప్పుడు ఈ ఒప్పందాన్ని తిట్టిపోసిన పార్టీయే ఇప్పుడు అధికారంలో ఉండి దానికి కట్టుబడింది, ఆ మాట నిలుపుకోవడం నాకు నచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, అప్పటిదాకా జతగా నడిచిన అల్బేనియాని ముందుకి పంపి, ఉత్తర మాసిడోనియాని ఆగమన్నారు. కొత్త సవరణ గట్టెక్కాలంటే ఆ పార్లమెంటులో మళ్లీ 80 ఓట్లు కావాలి. ఒకసారి పేరే మార్చుకున్న జనాన్ని ఇంకోసారి ఒప్పించే ధైర్యం అక్కడి నాయకుల్లో ఎవరికీ కనిపించడం లేదు, వాళ్లని తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు.

సెలవు. నమస్కారం.