బ్రెయిన్‌రాట్ ఎక్కడ పుట్టింది? డిక్షనరీ యాప్ ప్రీమియం రివ్యూ

అందరికీ నమస్తే, నల్లగొండ నుంచి. ముందే చెప్పేస్తున్నా, స్క్రీన్ మీదున్న ఈ డిక్షనరీ యాప్ ప్రీమియం ప్లాన్ వాళ్లే ఫ్రీగా ఇచ్చారు. రివ్యూ మాత్రం నాదే. ధర, ఫీచర్లు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నేను చూసేది ఒక్కటే, 'పదం పుట్టుక' ట్యాబ్.

పాడ్‌కాస్ట్ అని కొట్టా. బాగా ఇచ్చారు. ఐపాడ్‌లో ముక్క, బ్రాడ్‌కాస్ట్‌లో ముక్క, 2004లో బెన్ హామర్స్‌లీ గార్డియన్ పత్రికలో వాడాడని కూడా ఉంది. సంతోషం.

తర్వాత బ్రెయిన్‌రాట్. మా మేనల్లుడు రీల్స్ చూస్తూ పొద్దస్తమానం అనే మాట. పనికిరానివి చూసి చూసి బుర్ర మొద్దుబారిపోవడం అన్నమాట. ఏమొచ్చిందో జూమ్ చేస్తున్నా, చూడండి. 'బ్రెయిన్ ప్లస్ రాట్. ఇంటర్నెట్ స్లాంగ్.' అంతే! ఏ ఏడాదో లేదు, ఎవరన్నారో లేదు. ఒళ్లు మండింది నాకు.

ఈ మాట 1854 నాటిదండీ! అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 'వాల్డెన్' చివరి అధ్యాయంలో రాశాడు. 1845 నుంచి ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంటను తెగులు తుడిచిపెట్టింది, ఆ కరువులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. ఆ తెగులునే పొటాటో రాట్ అనేవాళ్లు. ఇంగ్లండ్ ఆలుగడ్డ కుళ్లుకు మందు వెతుకుతోంది, అంతకంటే ఎక్కువ పాకిన మెదడు కుళ్లు ఎవరికీ పట్టదా అని థోరో అడిగాడు.

అంటే పంట తెగులు పేరు చూసి కట్టిన మాట ఇది. మన బత్తాయి రైతులకైతే వెంటనే అర్థమవుతుంది. వేరుకుళ్లు పట్టిన చెట్టుకు ముందు ఆకులు పసుపెక్కుతాయి. చెట్టు మొదలు దగ్గర తవ్వి చూస్తే వేరు బెరడు చేత్తో లాగితే ఊడొస్తుంది, వాసన కూడా వస్తుంది. రాట్ అంటే అదీ. 'ప్లస్' గుర్తు పెట్టేస్తే ఇదంతా ఎలా తెలుస్తుంది?

2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దీన్ని ఆ ఏటి పదంగా ప్రకటించినప్పుడు థోరో సంగతి కూడా చెప్పారు. ఊరికే దొరికే విషయం డబ్బు కట్టినవాళ్లకు దొరక్కపోతే ఎట్లా? ఇంతకుముందు నేను వాడిన ఫ్రీ యాప్‌లో యాడ్స్ విసిగించేవి గానీ, పదం మొదట ఏ ఏడాది కనిపించిందో ఉండేది.

ఉచ్చారణ ఆడియో బాగుంది, నెట్ లేకున్నా నడుస్తుంది. అయినా ప్రీమియం కొనొద్దు, ఫ్రీ వెర్షన్ చాలు. అప్‌డేట్‌లో మొదటి వాడుక, సంవత్సరం చేరిస్తే మళ్లీ వీడియో చేస్తా. ఈలోపు మీరు డూమ్‌స్క్రోలింగ్ (చెడు వార్తలు ఆపకుండా చూస్తూ పోవడం) అని కొట్టి, ఏమొచ్చిందో కామెంట్లో పెట్టండి.