డబ్బులు మాత్రం టక్కున వినిపిస్తాయంట!

“ముసలాయనకు చెవుడేం లేదు, డబ్బులు అని చూడు, టక్కున వినిపిస్తుంది.” మా తాడిపత్రిలో పెళ్లిలో విన్నా, రచ్చకట్ట మీద విన్నా ఈ మాటకు నాకు ఒళ్లు మండుతుంది. ఈ వీడియో దాని కోసమే. తమాషా ఏంటంటే ఆయనకు డబ్బులు నిజంగానే వినిపిస్తాయి. నటన మాత్రం కాదు.

బళ్లో తెలుగు సార్ బట్టీ పట్టించాడు గుర్తుందా? క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు. పరీక్ష అయిపోగానే మర్చిపోయాం, ఇప్పుడు పనికొచ్చింది. గొంతు మీద వేలు పెట్టుకుని “స్స్స్” అనండి, ఏమీ కదలదు. “మ్మ్మ్” అనండి, గొంతు అదురుతుంది. పరుషాలు, స, ష, ఫ ఇవన్నీ ఉత్త గాలితో పుట్టే సన్నటి శబ్దాలు. అచ్చులకు, సరళాలకు, మ న ల లకు గొంతు మోత తోడుంటుంది, అది బొంగురు శబ్దం.

లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి గొట్టం ఉంటుంది. అందులో సుమారు 15 వేల సన్నటి కణాలు, వాకిలి దగ్గరున్నవి సన్నటి శబ్దాలు పట్టుకుంటాయి, చివర్లో ఉన్నవి బొంగురు శబ్దాలు. వయసు మీద పడినా, ఏళ్ల తరబడి మోతలో పనిచేసినా మామూలుగా ముందు దెబ్బతినేవి వాకిలి దగ్గరివే. పోయినవి మళ్లీ మొలవవు. మా జేజినాయన, అంటే తాత, చాలా ఏళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేశాడు, చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు. అప్పట్లో చెప్పినోళ్లు కూడా లేరు.

ఇప్పుడు ఆయన వినే తెలుగు ఎట్లుంటుందంటే, పలక మీద మాట రాసి, ఎవరో పరుషాలన్నీ తడిగుడ్డతో తుడిచేసి గుణింతం గుర్తులు మాత్రం వదిలేసినట్టు. “డబ్బులు”లో తుడిచేది పెద్దగా ఏముంది? డ, బ, ల, అన్నీ నిలుస్తాయి. మొన్న మా పిన్ని వెనకనుంచి “కాఫీ తాగుతావా” అనడిగింది. పలక మీద మిగిలింది “ఆఈ ఆగుఆవా”, ఆయన పూరించుకున్నది “ఆగుతావా”. ఆయన వాకిట్లో చెప్పులేసుకుంటూ “నేనెందుకాగాల, పోతాండా” అని విసవిసా వెళ్లిపోయాడు. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. అబద్ధం చెప్పను.

మరి గట్టిగా అరిస్తే? పలక మీద ఆ దీర్ఘాలు, కొమ్ములనే ఇంకా లావుగా దిద్దుతున్నారంతే, తుడిచేసిన అక్షరం తిరిగి రాదు. పైగా అరిచే మొహం తిట్టే మొహంలా ఉంటుంది, వినిపించనాయనకు కనిపించేది ఆ మొహమే కదా.

అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది. “ఖాళీలను పూరింపుము” పేపరు పొద్దున లేచినప్పటినుంచి పడుకునేదాకా రాయాలంటే ఎట్లుంటుంది? ఒక ఖాళీ పూరించేలోపు మిగతావాళ్లు మూడో విషయంలో ఉంటారు. సాయంత్రానికి తల బరువెక్కి చిరాకు, దానికి మనం పెట్టే పేరు “ముసలి కోపం”. మనవరాలి సన్నటి గొంతు అందదు కాబట్టి పాప దగ్గరికి రావడమే మానేసింది. పెళ్లిలో నలుగురు నవ్వితే తనూ నవ్వుతాడు, ఎందుకో తెలియకుండానే. కొన్నాళ్లకు ఆ నవ్వు తన గురించేనేమో అని అనుమానం, ఆ తర్వాత పెళ్లికే రాడు. వీటన్నిటికంటే చెడ్డ మాట మనదే, “ఏమన్నావ్?” అని రెండోసారి అడిగితే “ఏం లేదులే, వదిలేయ్” అంటాం చూడండి, అది పలక చేతిలోంచి లాక్కోవడమే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పును పెంచే, మనం తగ్గించుకోగల 14 కారణాల్లో వినికిడి లోపం కూడా ఒకటని 2024లో లాన్సెట్ కమిషన్, అంటే ఆ పేరున్న వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం, చెప్పింది, అంటే చెవుడొస్తే మతి పోతుందని కాదు, పట్టించుకోవాలని. ముందు గుబిలి అడ్డుపడిందేమో డాక్టర్‌కు చూపించండి, తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చెవి మెషీన్లు చాలావరకు అన్నిటినీ ఒకేలా పెంచుతాయి, మిక్సీ మోతతో సహా. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణుడు) పెట్టేది ఏ శబ్దం ఎంత తగ్గిందో చూసి దాన్నే పెంచుతుంది, అలవాటు కావడానికి వారాలు పడుతుంది, రెండో రోజే బీరువాలో పడేయొద్దు. మాట్లాడేటప్పుడు ఎదురుగా, వెలుతురులో, టీవీ ఆపేసి, అర్థం కాకపోతే అదే మాట కాకుండా వేరే మాటతో చెప్పండి. ఒక్కసారిగా ఒక చెవి వినిపించడం మానేస్తే మాత్రం రేపు చూద్దాం అనొద్దు, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి.

మా జేజినాయన మెషీన్ మొదట స్టీల్ డబ్బాలో పడుంది. ఇప్పుడు సాయంత్రం పులిజూదం టైముకు తనే తీసి పెట్టుకుంటున్నాడు. ఇంటికి రాగానే తీసేస్తాడు, దానికి మా జేజి ఇంకా మండిపడుతూనే ఉంది.